గింగిరికి ఏ తిక్క ఉంచాలి?

ప్రశ్న: మేం నలుగురం, ఆట నడిపే ఒక డీఎం (డంజన్ మాస్టర్) కలిసి వారానికోసారి ఆన్‌లైన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట ఇది. మిగతా ముగ్గురూ గంభీరమైన క్యారెక్టర్లు తయారుచేసుకుంటే, నేను కాస్త తేడాగా ఉండాలని గింగిరి అనే నోమ్ విజార్డ్‌ని, అంటే పొట్టి జాతి మాంత్రికుణ్ణి, తయారుచేశాను. అతను ‘నేను’ అనడు, తనని తాను ‘గింగిరి’ అనే చెప్పుకుంటాడు. ఏ తలుపైనా తెరిచే ముందు దాని అనుమతి అడుగుతాడు. జేబులో ఒక గులకరాయి ఉంటుంది, ఏ నిర్ణయమైనా దాన్ని సంప్రదించాకే తీసుకుంటాడు. పక్షులంటే భయం. తోటివాళ్ళు నిద్రపోతుంటే వాళ్ళ గుండీలు కొట్టేస్తాడు. మొదటి సెషన్‌లో అందరూ పడీ పడీ నవ్వారు. ఇప్పుడు నేను తలుపు దగ్గర ఆగానంటే ఎవరో ఒకరు మైక్ మ్యూట్ చేసుకుంటున్నారు. మొన్న డీఎం విడిగా మెసేజ్ పెట్టాడు, ‘గింగిరిని కాస్త తగ్గించు’ అని. చాలా బాధేసింది. పైగా గొంతు మార్చి మాట్లాడాలంటే నాకు సిగ్గు. అందుకే తేలిపోతోందేమో అని అనుమానం. వీణ్ణి చంపేసి మామూలు యోధుణ్ణి తెచ్చుకోనా? లేక తిక్క క్యారెక్టర్‌ని సరిగ్గా ఆడే పద్ధతంటూ ఏమైనా ఉందా?

సమాధానం: చంపకండి. కనీసం ఇప్పుడే చంపకండి. మీ ఉత్తరం ప్రకారం గింగిరి ఒక్కడు కాదు, ఐదుగురున్నారు. వాళ్ళలో ముగ్గురు నలుగురిని సాగనంపితే మిగిలినవాడు భలేగా ఉంటాడు.

ముందు డీఎం మాట సంగతి చూద్దాం. ‘తగ్గించు’ అన్నాడంటే ‘నీ క్యారెక్టర్ బాగాలేదు’ అన్నాడని మీరు బాధపడ్డారు. ఆయన గోల బహుశా టైం గురించి. మీ సెషన్ మూడు గంటలు అనుకుందాం, అంటే 180 నిమిషాలు. వర్ణనలు, శత్రువుల వంతులు, నియమాలు, ఊళ్ళో జనం మాటలు అన్నీ కలిపి సగం డీఎంకే పోతుంది. మిగిలిన 90 నిమిషాలు నలుగురికీ పంచితే మనిషికి 23 నిమిషాలు కూడా పూర్తిగా రాదు. ఒక పాత కోటలో పది తలుపులున్నాయి, ఒక్కో తలుపు దగ్గర గింగిరి రెండు నిమిషాలు ప్రాధేయపడ్డాడనుకోండి. మీ వాటా దాదాపు మొత్తం తలుపులకే చెల్లు. ఆ తర్వాత మీరు మంత్రం వేసినా, ఎవరితోనైనా బేరమాడినా అది చాలావరకు పక్కవాళ్ళ టైంలోంచి తీసుకున్నదే. వాళ్ళు ఈ లెక్క వేసుకుని విసుక్కోరు గానీ, విసుగు మాత్రం సరిగ్గా ఈ లెక్క ప్రకారమే వస్తుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. గింగిరి చేష్టలు చూసి నవ్వడం తప్ప మిగతావాళ్ళకి చేసే పనేమీ లేదు. తలుపు దగ్గర అనుమతి అడిగాడు, నవ్వారు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ నవ్వారు. ఐదోసారి పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు అయిపోయింది. అదే తిక్క పక్కవాళ్ళకి ఒక పని పెడితే, అంటే ఒక పేచీయో, ఒక సాయమో, ఒక రహస్యమో చేతికిస్తే, ఎన్ని సెషన్లయినా పాతబడదు. ఎందుకంటే ప్రతిసారీ అవతలివాళ్ళు కొత్తగా ఏదో చేస్తారు. మీ తిక్కని మోసేది మీరొక్కరే అయితే మీరూ అలిసిపోతారు, చూసేవాళ్ళూ అలిసిపోతారు.

ఈ తేడాని బాగా పట్టుకున్న ఆట ఒకటుంది. 1986లో వచ్చిన గర్ప్స్. అందులో క్యారెక్టర్‌ని పాయింట్లతో కడతారు. లోపాలు పెట్టుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి, వాటితో నైపుణ్యాలు కొనుక్కోవచ్చు. చిన్న చిన్న వింత అలవాట్లకి ఒక్కోదానికి ఒకే ఒక్క పాయింట్, అదీ మామూలుగా ఐదింటి వరకే. నిజంగా ఇబ్బంది పెట్టే లోపాలకి రేటు వేరు. మాట తప్పనని ఒట్టు పెట్టుకున్న మనిషికి, ఆ ఒట్టు చిన్నదైతే ఐదు పాయింట్లు. పెద్దదైతే పది, పదిహేను. ఈ లెక్కన మీరు గింగిరికి పెట్టిన వింతలు ఐదూ కలిపి ఒక చిన్న ఒట్టుతో సమానం. నన్నడిగితే ఐదూ ఇచ్చేసి ఆ ఒట్టు కొనుక్కోండి.

ఏ ఒట్టు? నా ఓటు తలుపులకే. మీ జాబితాలో ప్రాణమున్నది అదొక్కటే. కాకపోతే తలుపుని అనుమతి ఎందుకు అడుగుతాడో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీ దగ్గర కూడా లేదు. ఒక దారి చెబుతాను, నచ్చితే తీసుకోండి. మూసిన తలుపంటే ఎవరో ఎవరికో ఇచ్చిన మాట అని గింగిరి నమ్ముతాడు. చదువుకునే రోజుల్లో గురువు మూసి ఉంచిన ఒక గది తలుపు అడక్కుండా తెరిచాడు. లోపలున్నదేదో బయటికొచ్చింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన గురువు తిరిగి రాలేదు. ఆ గడప దగ్గర ఊడిపడిన రాయి ముక్కే ఇప్పుడు జేబులో ఉన్న గులకరాయి. ఇప్పుడది సలహాలివ్వదు. అతను ఏదైనా చేయకూడని పని చేయబోతున్నప్పుడు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, అంతే. చూశారా, రెండు వింతలు ఒకే మనిషివయ్యాయి.

లోపలున్నదేమిటో మాత్రం మీరు నిర్ణయించకండి. డీఎంకి ఖాళీగా ఇవ్వండి. ఆయన తగ్గించమన్న గింగిరినే మళ్ళీ కథ మధ్యలోకి లాక్కొచ్చే అవకాశం ఆయన చేతికే ఇచ్చినట్టవుతుంది. మూడు పేజీల గతం రాసి పంపేవాళ్ళని చూస్తుంటాం. డీఎంలు దాన్ని మర్యాదకి చదువుతారు. వాళ్ళకి పనికొచ్చేది జవాబు లేకుండా వదిలేసిన ఒక ప్రశ్న.

ఇప్పుడు ఆటలో ఏం మారుతుందో చూడండి. మామూలు తలుపుల దగ్గర మీరు నోరెత్తరు. గింగిరి ఏదో గొణుక్కుంటూనే ఉంటాడని అందరికీ తెలుసు, చాలు. తలుపు నిజంగా ముఖ్యమైనప్పుడే బయటికి తీయండి. వెనక ఓగర్ అనే రాక్షసం తరుముకొస్తోంది, ఎదురుగా మూసిన తలుపు. మీ జట్టులోని ఫైటర్, అంటే యోధుడు, గొడ్డలి ఎత్తాడు. గింగిరి ఒక్క క్షణం అడ్డు నిలబడి, తలుపుకి క్షమాపణ చెప్పి, తనే తెరుస్తాడు. అందరూ లోపలికి దూకాక, పారిపోకుండా వెనక్కి తిరిగి దాన్ని మూయడానికి ఆగుతాడు. ఆ ఒక్క వంతు ఆగడం వల్ల అతనికి దెబ్బ తగలొచ్చు, లేదా ఆ మూసిన తలుపే అందరినీ కాపాడొచ్చు. రెండింటిలో ఏది జరిగినా టేబుల్ మీద ఎవరూ మ్యూట్ చేసుకోరు.

ఇంకో తమాషా చూడండి. విజార్డ్‌లకి ‘నాక్’ అనే రెండో స్థాయి మంత్రం ఉంది. ఎంత గట్టి తాళమైనా తెరుచుకుంటుంది గానీ 300 అడుగుల దూరం వినబడేంత పెద్ద చప్పుడవుతుంది. గింగిరి క్యారెక్టర్‌గా మూడో లెవెల్‌కి ఎదిగితే అది నేర్చుకునే వీలొస్తుంది. తలుపుని అవమానించే మంత్రం అని అతను దాన్ని అసహ్యించుకోవచ్చు. కానీ తోటివాళ్ళు ఏదో చెరలో ఉండి, వాళ్ళకీ తనకీ మధ్య తాళం వేసిన తలుపొకటి ఉన్న రోజున ఏం చేస్తాడు? ఇలాంటి రోజు రావాలనే మంత్రాల పుస్తకంలో అది రాసి పెట్టుకోండి. మంత్రాన్ని ఎంచుకునేటప్పుడు కూడా మీ తిక్క లెక్కలోకి వచ్చిందంటే అది క్యారెక్టర్‌లో ఇమిడిపోయినట్టు.

మీ పార్టీలో, అంటే మీ క్యారెక్టర్ల జట్టులో, రోగ్ ఉంటే ఇంకా మంచిది. తాళాలు తీయడమే ఆ మనిషి వృత్తి, తలుపుల్ని గౌరవించడం మీవాడి నమ్మకం. ఇంతకంటే చక్కటి పేచీ ఎక్కడ దొరుకుతుంది? రోగ్ ఆడే స్నేహితుడికి ముందే మెసేజ్ పెట్టండి: ‘నీ క్యారెక్టర్‌కీ నా క్యారెక్టర్‌కీ తలుపుల దగ్గర ఎప్పుడూ కుదరదు, సరేనా? కానీ ఏదో ఒకరోజు గింగిరి నీ దగ్గర తాళం తీయడం నేర్పమని అడుగుతాడు.’ ఆ రోజు ఎప్పుడొస్తుందో అవతలివాళ్ళు ఎదురుచూస్తారు. ‘నువ్వు అడుగుతూ ఉండు, ఈలోగా నేను తెరుస్తా’ లాంటి మాటలు వాళ్ళే పుట్టిస్తారు. అప్పుడు గింగిరి మీద జోకులు వేసే పని మీది కాదు.

ఇంకో రెండు ఆటల్లో ఇలాంటి ఇబ్బందికి నియమాలే ఉన్నాయి, మీ టేబుల్‌కి అరువు తెచ్చుకోవచ్చు. ఫేట్‌లో ప్రతి క్యారెక్టర్‌కీ ‘ట్రబుల్’ అని ఒకటి రాసుకుంటారు. దాని వల్ల పని చెడేలా ఆట నడిపేవాళ్ళు ఒక మలుపు ప్రతిపాదిస్తారు. ఒప్పుకుంటే మీకు ఒక ఫేట్ పాయింట్ వస్తుంది. వద్దంటే మీ దగ్గరున్నదే ఒకటి పోతుంది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో సెషన్ చివర అడిగే ప్రశ్నల్లో ఒకటి, మీ వ్యసనమో మనసుకి తగిలిన గాయమో మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందా అని. అవునంటే ఎక్స్‌పీ, అంటే క్యారెక్టర్ ఎదగడానికి పనికొచ్చే అనుభవ పాయింట్లు. రెండింటిలోనూ సూత్రం ఒకటే: తిక్క వల్ల మీకు నష్టం జరిగితేనే బహుమతి. మీ ఐదో ఎడిషన్‌లో కూడా, 2014 నాటి పుస్తకం ప్రకారం, క్యారెక్టర్ షీట్ మీద స్వభావం, ఆదర్శం, బంధం, లోపం అని నాలుగు గళ్ళుంటాయి. వాటికి తగ్గట్టు ఆడితే డీఎం ‘ఇన్‌స్పిరేషన్’ ఇవ్వొచ్చు. దాన్ని వాడితే, పని ఫలిస్తుందో లేదో తేల్చే ఇరవై ముఖాల డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. చాలా టేబుళ్ళ మీద దీన్ని ఇవ్వడమే మర్చిపోతారు. మీ డీఎంకి గుర్తుచేయండి, మొహమాటం అక్కర్లేదు. 2024లో సవరించిన పుస్తకం వాడుతుంటే ఆ పద్ధతి కాస్త వేరు, అయినా లోపం గడిలో ఏం రాసేవాళ్ళో ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకోండి.

మిగతా వింతల్లో గుండీల దొంగతనం వెంటనే ఆపండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తోటి ఆటగాడి వస్తువు, అదీ అతను నిద్రలో ఉండి ఏమీ చేయలేనప్పుడు తీసుకోవడం మీకు అల్లరిగా కనిపిస్తుంది. అవతలివాళ్ళకి తమ క్యారెక్టర్ మీద తమ మాట చెల్లలేదని అనిపిస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే డ్రాగన్‌లాన్స్ అనే కల్పిత ప్రపంచంలో కెండర్ అని ఒక పొట్టి జాతి ఉంది. భయం తెలియదు, పరాయి వస్తువులు వాళ్ళ సంచుల్లోకి తమంతట తామే వచ్చి పడతాయంటారు. కథగా వింటే ముద్దొస్తారు. టేబుల్ మీద మాత్రం, కెండర్ ఆడతానంటే దణ్ణం పెట్టే డీఎంలు ఎందరో. కారణం ఇదే.

మూడో మనిషిలా మాట్లాడటం మానేయండి. కథలో కారణం కూడా చూపించక్కర్లేదు, ఎవరూ అడగరు. పక్షుల భయం ఉంటే ఉండనివ్వండి గానీ మీరుగా ఎత్తకండి. ఎప్పుడైనా గద్ద తల, రెక్కలు ఉన్న గ్రిఫన్ ఎదురైతే అప్పుడు చూసుకోవచ్చు.

ఇక గొంతు విషయం. మీ ఆట తేలిపోవడానికి సిగ్గు కారణం కాదు. గొంతు మార్చగలిగేవాళ్ళు కూడా ఆ గొంతుతో చెప్పడానికి ఏమీ లేకపోతే రెండో సెషన్‌కే బోర్ కొడతారు. ‘గింగిరి తలుపు మీద అరచెయ్యి పెట్టి ఒక క్షణం కళ్ళు మూసుకుంటాడు’ అని మీ మామూలు గొంతుతో వర్ణించి చెప్పండి. అది పూర్తిగా న్యాయమైన ఆట. ఏం మాట్లాడాడు అన్నదానికంటే గదిలోకి రాగానే ముందు ఏం గమనించాడు అన్నది క్యారెక్టర్‌ని బాగా పట్టిస్తుంది. ఫైటర్ ఆయుధాలు చూస్తాడు, రోగ్ నగలు చూస్తాడు, గింగిరి ఎన్ని ద్వారాలున్నాయో, వాటిలో ఏది లోపలి నుంచి గడియ పెట్టి ఉందో చూస్తాడు. ఒక్కోసారి అది పార్టీకి నిజంగా పనికొస్తుంది కూడా.

తెలుగులో ఆడేవాళ్ళకి ఇంకో సౌకర్యం ఉంది. గింగిరి అందరినీ ‘మీరు’ అనే పిలుస్తాడనుకోండి, గాబ్లిన్ లాంటి శత్రువుని కూడా. ‘తమరు కాస్త ఆ కత్తి దించుతారా?’ అని అడుగుతాడు. ఇలా చాలా సెషన్లు గడిచాక ఒకరోజు రోగ్‌ని ‘నువ్వు’ అంటాడు. కోపంతో కావచ్చు, చనువుతో కావచ్చు. గొంతు ఏమాత్రం మార్చకుండా, ఒక్క మాటతో అందరూ తలెత్తి చూస్తారు. నటన రాదనుకునేవాళ్ళకి ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు.

మామూలు యోధుణ్ణి తెచ్చుకోనా అన్నారు కాబట్టి, కొత్తగా తయారుచేసేవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఒకటి చెబుతాను. క్యారెక్టర్‌కి బలం, తెలివి లాంటివాటికి అంకెలుంటాయి కదా, తెలివి 8 అని రాగానే బుర్ర లేనివాడిగా ఆడటం. ఐదో ఎడిషన్‌లో 10 అంటే సగటు మనిషి. 8 ఉంటే డైస్ మీద పడ్డ అంకెలో ఒకటి తగ్గుతుంది, అంతే. ఇరవై ముఖాల డైస్ మీద ఒకటంటే నూటికి ఐదు వంతుల తేడా. ఇద్దరూ ఇరవైసార్లు ప్రయత్నిస్తే, 8 ఉన్నవాడు సగటు మనిషికంటే ఒక్కసారి ఎక్కువ తప్పుతాడు. దానికే చెంచా ఎటువైపు పట్టుకోవాలో తెలియనట్టు ఆడితే నవ్వు రాదు, జాలి వస్తుంది. అసలు తిక్క మనిషి తన పనిలో గట్టివాడై ఉండాలి. ప్రామాణికంగా ఇచ్చే 15, 14, 13, 12, 10, 8 అంకెల్లో 15ని వృత్తికి కావలసిన చోటే పెట్టండి, విజార్డ్‌కైతే తెలివికి. పోరాటంలో పనికొచ్చే మనిషి ఎంత తిక్కగా ఉన్నా పార్టీ భరిస్తుంది. పనికిరాని తిక్కమనిషిని వెంట తిప్పుకోవడానికి వాళ్ళ క్యారెక్టర్లకి కారణం ఏముంటుంది?

క్యారెక్టర్‌కి తను తిక్కగా ఉన్నానని తెలియకూడదు. గింగిరి దృష్టిలో తలుపుల్ని అడక్కుండా తెరిచే మీరందరూ మర్యాద తెలియనివాళ్ళు. అంత సీరియస్‌గా ఆడండి. మీరు నవ్వించాలని చూస్తున్నారని తెలిసిన క్షణాన జనం నవ్వడం మానేస్తారు. ఇలా పుట్టే తిక్కలు ఇంకా చాలా ఉన్నాయి: తన మంత్రం పనిచేసిన ప్రతిసారీ నిజంగా ఆశ్చర్యపోయి, దేవుడు తనని ఇంకెవరో అనుకుని తన ప్రార్థన విన్నాడని కంగారుపడే క్లెరిక్, అంటే పూజారి. తన ప్రాణం కాపాడినవాళ్ళ పద్దు రాసుకుని, తనని చంపకుండా వదిలేసి వెళ్ళిన శత్రువుకి కూడా బాకీ తీర్చాలని పట్టుబట్టే ఫైటర్. రెండింటిలోనూ పక్కవాళ్ళు ఏదో ఒకటి చేయక తప్పదు, అది గమనించండి. ఒకరి మానసిక జబ్బునో, మాట తడబాటునో తిక్కగా వాడుకోవడం మాత్రం వద్దు. టేబుల్ మీద ఎవరింట్లో ఏముందో మనకి తెలియదు. ఇలాంటివి ఆట మొదలుకాకముందే సెషన్ జీరోలో మాట్లాడుకోవాలి. ఎవరికైనా ఇబ్బందైతే కారణం చెప్పకుండానే ఆపమనే వీలు కోసం జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ అనే పద్ధతి కూడా ఉంది.

ఇంకో మాట ఎప్పుడూ అనకండి: ‘నా క్యారెక్టర్ అయితే అలాగే చేస్తాడు మరి.’ గింగిరి బుర్రలో ఏముందో రాసింది మీరే. అతను చేయగల పనులు ఎప్పుడూ మూడు నాలుగుంటాయి. వాటిలో పక్కవాళ్ళ ఆట చెడనిది ఎంచుకుని, దానికి తగ్గ కారణం అప్పటికప్పుడు కల్పించండి. అలా అప్పటికప్పుడు పుట్టిన కారణాలే తర్వాత క్యారెక్టర్‌లో అన్నిటికంటే మంచి ముక్కలవుతుంటాయి.

ఈ వారం చేయాల్సింది చిన్నదే. డీఎంకి జవాబు పెట్టండి: ‘తగ్గిస్తున్నా. తలుపుల సంగతి ఒక్కటే ఉంచుతా, మిగతావి తీసేస్తా. గురువు గదిలో ఏముందో మీరే తేల్చండి.’ మిగతా ముగ్గురినీ ఒక్కో మాట అడగండి, గింగిరిలో మీకేది ఇష్టం అని. వాళ్ళ జవాబు నేను చెప్పినదానికి విరుద్ధంగా ఉంటే, ఉదాహరణకి ముగ్గురూ రాయే బాగుందంటే, నా మాట పక్కన పెట్టి రాయిని ఉంచుకోండి. ఆడేది వాళ్ళు.

ఇంకొన్ని సెషన్లు చూసి, అప్పటికీ కుదరకపోతే నిరభ్యంతరంగా మార్చేయండి. అప్పుడు కూడా చంపక్కర్లేదు. ఏదైనా కోటకో గ్రంథాలయానికో ద్వారపాలకుడిగా కుదిర్చి, షీట్ డీఎంకి అప్పగించండి. కొత్త క్యారెక్టర్ మాత్రం పార్టీలో ఎవరికో ఒకరికి ముందే తెలిసినవాడై రావాలి. ఎవరికి, ఎలా అన్నది ఆ స్నేహితుడితో కలిసి నిర్ణయించుకున్నాకే డైస్ తీయండి.